ఛాతీ తెరిచాక... ఆ ఇరవై నిమిషాలు!

ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద గంటల తరబడి కూర్చున్న అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడతాం. నర్సు బయటికొస్తే ఆవిడ మొహంలో ఏదైనా కనిపిస్తుందేమోనని చూస్తాం. ఊపిరితిత్తి ఆపరేషన్ అయితే మధ్యలో ఎవరో ఒకరు వచ్చి, "ముక్క ఫ్రోజెన్‌కి పంపాం, రిపోర్టు రావాలి" అని చెప్పి చటుక్కున లోపలికెళ్లిపోతారు. ఫ్రోజెన్ అంటే ఏమిటో, ఆ రిపోర్టు ఎవరిస్తారో, అది వచ్చేదాకా లోపల ఏం చేస్తుంటారో బయటున్న వాళ్లకి తెలీదు. అడిగే ధైర్యమూ ఉండదు.

ఆ రిపోర్టు ఇచ్చేది నాలాంటి వాళ్లం. నేను పాథాలజిస్టుని. "అంటే రక్తపరీక్షలు చేస్తావా?" అని మా పెద్దత్తయ్య ఇప్పటికీ అడుగుతుంటుంది. మా ల్యాబు ఆసుపత్రి వెనక వైపు, క్యాంటీన్‌కి దగ్గరగా ఉంటుంది. పేషెంట్లు మమ్మల్ని చూడరు, మేమూ వాళ్లని చూడం. వాళ్ల శరీరంలోంచి తీసిన ముక్కని మాత్రం చూస్తాం. ఫ్రోజెన్ ఉన్న రోజున ఆ ముక్క మా టేబుల్ మీద ఉన్నంతసేపూ అక్కడ థియేటర్లో పని దాదాపు ఆగిపోతుంది. మనిషి మత్తులో ఉంటుంది. ఒక ఊపిరితిత్తికి గాలి ఆపేసి, రెండోదానితోనే మత్తు డాక్టరు ఆమెకి ఊపిరి నడిపిస్తుంటారు. సర్జను చేతులు కట్టుకుని మా ఫోను కోసం ఎదురుచూస్తుంటాడు.

మామూలుగా ముక్క పరీక్ష రిపోర్టు రావడానికి నాలుగైదు రోజులో, వారమో పడుతుంది. ఇక్కడ మాకున్న గడువు ఇరవై నిమిషాలు. ఆ గడువు మేం సరదాగా పెట్టుకున్నది కాదు. పదింట తొమ్మిది ఫ్రోజెన్లకి ఇరవై నిమిషాల్లోపు జవాబు చెప్పాలన్నది అమెరికాలో పాథాలజిస్టుల సంఘం పెట్టిన లెక్క. మన దగ్గరా చాలా ల్యాబులు అదే పాటిస్తున్నాయి.

అంత తొందర ఎందుకంటారా?

ముందే తేలదా?

"సీటీ తీశారు, పెట్ స్కాన్ తీశారు, ఇన్ని వేలు పోశాం. ఇంకా క్యాన్సరో కాదో తెలీకుండానే కోస్తారా?" అని చాలామంది నిలదీస్తారు. న్యాయమైన ప్రశ్నే. రొమ్ములో గడ్డ అయితే చేతికి దొరుకుతుంది, సూదితో గుచ్చి చూడొచ్చు. ఊపిరితిత్తి గూడులాంటి పక్కటెముకల వెనక, ప్రతి ఊపిరికీ కదులుతూ ఉంటుంది. లోపలెక్కడో రేగిపండంత గడ్డ. బయటి నుంచి సూది వేస్తే ఒక్కోసారి అందదు. అందినా నాలుగు కణాలొస్తాయి, వాటితో ఏమీ తేలదు. పైగా సూది గుచ్చినప్పుడు గాలి బయటికొచ్చి ఊపిరితిత్తి ముడుచుకుపోయే ప్రమాదం కూడా కొంత ఉంది.

దీనికితోడు మన దేశానికి ఇంకో తలనొప్పి ఉంది... టీబీ! ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మనవాళ్లే. టీబీ గడ్డ స్కాన్‌లో అచ్చం క్యాన్సర్ గడ్డలాగే కనిపించగలదు. పెట్ స్కాన్‌లో క్యాన్సర్ వెలిగినట్టే అదీ వెలుగుతుంది. చక్కెరను ఆబగా లాక్కునే కణాలు ఎక్కడున్నా ఆ యంత్రం చూపిస్తుంది. అవి దొంగలో పోలీసులో దానికి తెలీదు.

ఇక సర్జను ముందున్న ప్రశ్న ఏమిటంటే, ఎంత తీయాలి? కుడి ఊపిరితిత్తిలో మూడు లోబ్‌లు, ఎడమ దాంట్లో రెండు ఉంటాయి. ఒక్కో లోబ్‌లో మళ్లీ చిన్న చిన్న భాగాలు. గడ్డ టీబీది అయితే దాన్ని మాత్రం తీసి మూసేయొచ్చు, మిగతాది మందులు చూసుకుంటాయి. క్యాన్సర్ అయితే లోబ్ మొత్తమో, కనీసం ఆ భాగమో, చుట్టూ ఉన్న లింఫు బిళ్లలతో సహా తీయాలి. తీసిన ఊపిరితిత్తి మళ్లీ పెరగదు. తీయాల్సింది వదిలేస్తే జబ్బు పెరుగుతుంది. అందుకని ముందు గడ్డ వరకూ కోసి మాకు పంపించి, జవాబు విన్నాక మిగతాది నిర్ణయిస్తారు.

ఇడ్లీని పల్చగా కోయగలరా?

ముక్క మా దగ్గరికి ఫార్మలిన్ నీళ్లలో వేయకుండా, పచ్చిగా వస్తుంది. మొదట పేరు, నంబరు సరిచూసుకుంటాం. ఎంత తొందరున్నా సరే, ఇది మాత్రం మానం. గ్లౌజు వేసుకున్న వేలితో తడిమితే మెత్తటి ఊపిరితిత్తి మధ్యలో గడ్డ గట్టిగా తగులుతుంది. సర్జను కోసిన అంచుకి రంగు సిరా పూస్తాం. జబ్బుకీ ఆ అంచుకీ ఎంత దూరం ఉందో తర్వాత తెలియాలి కదా! అప్పుడు గడ్డని రెండుగా కోస్తాం.

సగం జవాబు అక్కడే కనిపిస్తుంది. క్యాన్సర్ అయితే చాలాసార్లు బూడిద తెలుపులో, గట్టిగా, చుట్టూ ఉన్న కండని లోపలికి లాక్కుంటున్నట్టు ఉంటుంది. టీబీ అయితే మధ్యలో పొడిపొడిగా, జున్నుముక్క చిదిపినట్టు ఉంటుంది. కానీ కంటిని నమ్మి ఫోను చేయలేం.

వెంటనే ఓ గాజు స్లైడుని ఆ కోసిన తలం మీద మెల్లగా అద్దుతాం, పెళ్లిలో పసుపు చేత్తో గోడకి ముద్ర వేసినట్టు. కణాలు స్లైడుకి అంటుకుంటాయి. రంగులో ముంచితే ఒకటి రెండు నిమిషాల్లో మైక్రోస్కోపు కింద చూడొచ్చు. దీన్ని ముద్ర పరీక్ష అందాం. 1927లోనే లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో లియొనార్డ్ డడ్జియన్ అనే ఆయన ఇలా పచ్చి గడ్డల మీది కణాలను స్లైడు మీద పరిచి, అప్పటికప్పుడు చూసి చెప్పే పద్ధతిని ప్రకటించాడు. నాలుగు గాజు పలకలు, మూడు రంగు సీసాలు, చూసే కన్ను ఉంటే చాలు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు. అందుకే చిన్న ఊళ్లలోని ఆసుపత్రులకి ఇది వరమని నేనంటాను. ఎందుకో దీనికి రావలసినంత పేరు రాలేదు.

కణాలు విడివిడిగా కనిపిస్తే సరిపోదు, అవి ఎలా అమరి ఉన్నాయో కూడా చూడాలి. దానికే ఫ్రోజెన్ సెక్షన్. ఊపిరితిత్తి ఇడ్లీలాంటిది. నిండా గాలి బొక్కలే. మెత్తటి ఇడ్లీని కాగితం కంటే పల్చగా కోయమంటే ఎలా ఉంటుందో ఊహించండి! అందుకని జిగురులాంటి చిక్కటి ద్రవం పోసి, సున్నాకి ఇరవై డిగ్రీల దిగువన ఉండే క్రయోస్టాట్ అనే పెట్టెలో ముక్కని గడ్డకట్టిస్తాం. ఒక్కోసారి ఆ ద్రవాన్నే పల్చన చేసి సిరంజితో గాలి బొక్కల్లోకి ఎక్కిస్తాం, కోసేటప్పుడు నలిగిపోకుండా. తర్వాత దాన్ని 5 మైక్రాన్ల మందంలో కోయాలి. మన తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదది!

ఈ పని చేసేది మా టెక్నీషియను. ఇద్దరు పిల్లల తల్లి, పొద్దున ఐదింటికి లేచి క్యారేజీలు కట్టి బస్సెక్కి వస్తుంది. బ్లేడు మీద చుట్టుకుపోబోయే ఆ పొరని సన్నటి కుంచెతో అణిచిపెట్టి, స్లైడు మీదికి ఒక్క ముడత లేకుండా దించుతుంది. ఆవిడ సెలవు పెట్టిన రోజు ఫ్రోజెన్ ఉందంటే నాకు పొద్దున్నుంచే గుబులు. తర్వాత రంగులు... నీలం, గులాబి. అన్నీ కలిపి పదిహేను నిమిషాలు పోతాయి. చూసి, ఆలోచించి, చెప్పడానికి నాకు మిగిలేది ఐదు నిమిషాలు.

ఈ తొందరకి నూరేళ్ల చరిత్ర ఉంది. 1891లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్‌స్టెడ్ అనే పేరుమోసిన సర్జను రొమ్ము ఆపరేషన్ చేస్తుంటే, విలియం వెల్చ్ అనే పాథాలజిస్టు గడ్డని అప్పటికప్పుడు గడ్డకట్టించి చూడబోయాడు. స్లైడు తయారయ్యేసరికి ఆపరేషనే అయిపోయింది! ఆ తర్వాత 1905లో మేయో క్లినిక్‌లో, రోగి బల్ల మీద ఉండగానే గడ్డ సంగతి చెప్పే దారి చూడమని సర్జను విలియం మేయో అడిగితే, లూయీ విల్సన్ అనే పాథాలజిస్టు ఆ పని పట్టించుకున్నాడు. మిన్నెసోటా చలికాలం ఎలా ఉంటుందో అక్కడున్న మన పిల్లల్ని అడగండి! ముక్కని కిటికీ బయట పెట్టి గడ్డకట్టించాడని చెబుతారు. మిథిలీన్ బ్లూ అనే రంగు వేసి కొన్ని నిమిషాల్లో చూడగలిగాడు. అదే ఏడాది డిసెంబరులో ఆ పద్ధతిని వైద్య పత్రికలో అచ్చువేయించాడు. ఇవాళ మేం చేస్తున్నది దాని కూతురో, మనవరాలో.

లోబ్ మిగిలింది!

ఒకావిడ సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను.

యాభై దాటింది. గోదావరి జిల్లా. ఏ పొగా అలవాటు లేదు. దగ్గు తగ్గకపోతే సీటీ తీశారు. కుడివైపు పై లోబ్‌లో రెండు సెంటీమీటర్ల మచ్చ. పెట్ స్కాన్‌లో వెలిగింది. కళ్లెలో టీబీ క్రిములు దొరకలేదు. సూది పరీక్ష రెండుసార్లు చేసినా ఏమీ తేలలేదు. ఇంట్లో అందరూ క్యాన్సరనే నిశ్చయానికి వచ్చేశారు. కూతురు పెళ్లి ముహూర్తం ముందుకి జరిపేశారట. ఈ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

గడ్డ వరకూ కోసి మాకు పంపారు. కోస్తే మధ్యలో సుద్దలా ఉంది. టీబీ అనుమానం రాగానే మేం మాస్కులు మార్చుకుంటాం. టీబీ ఉన్న ముక్కని క్రయోస్టాట్‌లో కోస్తే పొడి లేస్తుంది. దాంతోపాటు క్రిములూ లేస్తాయి. అది మాకు ప్రమాదం. అందుకని ముందు ముద్ర పరీక్షే చేశాం. చెప్పు అడుగు ఆకారంలో పొడుగాటి కేంద్రకాలున్న కణాలు గుంపులు గుంపులుగా, మధ్యమధ్యలో ఇరవై ముప్ఫై కేంద్రకాలు కలిసిన రాక్షస కణాలు. ఇది క్యాన్సర్ రాసే రాత కాదు. అయినా ఒకే ఊపిరితిత్తిలో టీబీ, క్యాన్సర్ రెండూ పక్కపక్కన ఉండొచ్చు. అందుకని గట్టిగా తగిలిన చోట ఒక్క ముక్క మాత్రం ఫ్రోజెన్ కోయించాను. అందులోనూ అదే.

థియేటర్‌కి ఫోను చేశాను. ఈ ఫోను మధ్యలో ఇంకొకరి ద్వారా వెళ్లకూడదు. సర్జనే వినాలి, విన్నది తిరిగి చెప్పాలి. "గ్రాన్యులోమా. పంపిన ముక్కలో క్యాన్సర్ కనిపించడం లేదు. కల్చరుకి వేరే ముక్క పంపండి" అన్నాను. ఆయన అదే మాట తిరిగి చెప్పి, "అయితే మూసేస్తున్నా మేడమ్" అన్నాడు. లోబ్ లోబ్‌గానే మిగిలింది. తర్వాత పరీక్షల్లో టీబీ అని తేలింది, ఆరు నెలలు మందులు వాడింది. ఆ రోజు సాయంత్రం దాకా మా క్రయోస్టాట్ మూతపడింది, మందు పెట్టి శుభ్రం చేయడానికి. ఇంకో ఫ్రోజెన్ వస్తే ఎలా అని మా టెక్నీషియను గొణుక్కుంటూనే ఉంది.

ఆడవాళ్లకి ఈ జబ్బేమిటని ఇప్పటికీ ఆశ్చర్యపోయే వాళ్లున్నారు. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే మామ్మల సంగతి వేరు, వాళ్లకి అంగిట్లో పుండు భయం. ఊపిరితిత్తి క్యాన్సర్ మాత్రం చుట్ట, బీడీ ముట్టని ఆడవాళ్లకీ వస్తోంది. అందులో ఎక్కువ ఎడినోకార్సినోమా రకం. వంటింటి బొగ్గు పొగ క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కట్టెల పొగని 'తెచ్చే అవకాశం ఉన్న' జాబితాలో పెట్టింది. కాబట్టి మూడు వారాలు దాటినా తగ్గని దగ్గుని మిరియాల పాలతో సరిపెట్టకండి.

చిన్న కోత... పెద్ద షరతు

1933 ఏప్రిల్‌లో అమెరికాలోని సెయింట్ లూయీలో ఎవర్ట్స్ గ్రాహమ్ అనే సర్జను ఊపిరితిత్తి క్యాన్సరున్న ఓ డాక్టరుకి ఆపరేషన్ మొదలుపెట్టాడు. లోబ్ తీస్తే చాలనుకుని ఛాతీ తెరిస్తే సరిపోదని తేలింది. బల్ల దగ్గరే నిర్ణయం తీసుకుని ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశాడు. ఆ రోగి మరో ముప్ఫై ఏళ్లు బతికాడు! ఏళ్ల తరబడి సిగరెట్లు కాల్చిన గ్రాహమేమో 1957లో అదే క్యాన్సర్‌తో పోయాడు. సిగరెట్టుకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని 1950లో ఎర్నెస్ట్ వైండర్‌తో కలిసి లోకానికి చూపించిన వాళ్లలో ఆయనా ఒకడు. విధి అంటే ఇదేనేమో!

ఆ తర్వాత లోబ్ వరకూ తీస్తే చాలన్నారు. 1995లో వచ్చిన ఓ పెద్ద అధ్యయనం లోబ్ కంటే తక్కువ తీస్తే జబ్బు తిరగబెట్టడం ఎక్కువని చెప్పింది. పాతికేళ్లకి పైగా అదే మాట చెల్లింది. 2022లో జపాన్ వాళ్లు 1106 మంది మీద చేసిన పరిశీలన వచ్చింది. రెండు సెంటీమీటర్లకి మించని గడ్డలకి లోబ్ మొత్తం కాకుండా అందులోని ఓ భాగం తీసిన వాళ్లలో ఐదేళ్లకి 94.3 శాతం, లోబ్ తీసిన వాళ్లలో 91.1 శాతం బతికున్నారు. 2023లో అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాల్లో 697 మంది మీద చేసిన అధ్యయనం కూడా చిన్న కోత తీసిపోదనే చెప్పింది.

వినడానికి ఎంతో బాగుంది కదూ! కానీ ఈ రెండో అధ్యయనంలో ఒక షరతుంది. ఎవరికి చిన్న కోత, ఎవరికి పెద్ద కోత అన్న చీటీ తీసింది ఆపరేషన్ మధ్యలోనే. గడ్డ ఆ రకం క్యాన్సరేననీ, లింఫు బిళ్లల్లోకి పాకలేదనీ అప్పటికప్పుడు ఫ్రోజెన్‌లో చూసి చెప్పిన తర్వాతే. అంటే కోత చిన్నదైన కొద్దీ మా మీద బరువు పెరిగింది. ఇప్పుడు గడ్డ ఒక్కటే కాదు, బిళ్లలు వస్తాయి. కోసిన అంచు వస్తుంది. కొన్నిచోట్ల ఛాతీ లోపల సెలైన్ పోసి కడిగిన నీళ్లు కూడా పంపుతారు, అందులో క్యాన్సర్ కణాలు తేలుతున్నాయేమో చూడమని. ఆపరేషన్‌కి ముందు గొట్టం వేసి బిళ్లలకి సూది గుచ్చేటప్పుడు కూడా మాలో ఒకరం రంగు సీసాలు పట్టుకుని పక్కనే నిలబడుతున్నాం. కణాలు సరిపడా వచ్చాయంటే సూది ఆపేస్తారు, పేషెంటుకి ఇంకో పోటు తప్పుతుంది.

"ఆ రోజు లేదన్నారు కదండీ!"

పేషెంట్లని చూడమని అన్నాను కానీ, వాళ్ల బంధువులు మాత్రం అప్పుడప్పుడు వస్తారు. వేరే ఆసుపత్రిలో చూపించుకోవడానికి స్లైడ్లు, మైనపు బ్లాకులు కావాలని కౌంటర్ దగ్గర నిలబడతారు. అలాగే వచ్చింది ఓ అమ్మాయి, ముప్ఫై ఎనిమిదేళ్లుంటాయి. ఆపరేషన్ అయింది వాళ్లక్కకి. స్కూలు టీచరు. 1.8 సెంటీమీటర్ల గడ్డ. ఫ్రోజెన్‌లో ఎడినోకార్సినోమా అని నేనే చెప్పాను. మూడు బిళ్లలు పంపితే చూసిన పొరల్లో క్యాన్సర్ లేదనీ, అంచు శుభ్రంగా ఉందనీ చెప్పాను. భాగం వరకే తీసి మూసేశారు. పది రోజుల తర్వాత పూర్తి రిపోర్టులో ఒక బిళ్లలో మిల్లీమీటరంత క్యాన్సర్ చుక్క ఉందని వచ్చింది.

ప్లాస్టిక్ సంచిలో ఫైళ్లన్నీ పట్టుకుని నిలబడింది. "మేడమ్, ఆ రోజు బిళ్లల్లో లేదన్నారు కదండీ! మా అక్కకి అదే చెప్పాం. పిల్లలకీ చెప్పాం. ఇప్పుడు ఉందంటున్నారు. ఆ రోజు చెప్పింది అబద్ధమా, ఇవాళ రాసింది అబద్ధమా?"

"కూర్చోమ్మా" అన్నాను. లోపలికి తీసుకెళ్లి ఆ బ్లాకు చూపించాను. శనగగింజంత బిళ్ల. "ఇది అర సెంటీమీటరు ఉంది. దీన్ని మేం కోసే మందంలో అటునుంచి ఇటు దాకా కోస్తే ఎన్ని పొరలొస్తాయో తెలుసా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "వెయ్యి. మీ అక్క బల్ల మీద ఉన్నప్పుడు ఆ వెయ్యిలో నేను చూసింది మూడు. ఆ మూడింట్లో లేదు. ఆ మాట నిజం. తర్వాత మిగిలినదాన్ని ఫార్మలిన్‌లో వేసి, మైనంలో పోసి, లోతుగా ఇంకా కోయిస్తే ఈ చుక్క దొరికింది. ఇదీ నిజమే."

"మరి ఆ రోజే అన్నీ కోయొచ్చు కదండీ?"

కోయలేం. ఒక్కో బిళ్లకీ గంటలు పడితే అంతసేపు మత్తులో, ఒంటి ఊపిరితిత్తితో మనిషిని ఉంచలేరు. పైగా గడ్డకట్టించిన ముక్కలో మంచు పలుకులు లేచి కణాలు ఉబ్బిపోతాయి, చిరిగిపోతాయి. అంతా ఫ్రోజెన్‌కే వాడేస్తే తర్వాత తీరిగ్గా చూడ్డానికి మంచి ముక్క మిగలదు. ఈ పరీక్షలో క్యాన్సరా కాదా అన్న జవాబు చాలావరకు నిలబడుతుంది. కానీ బిళ్లలోని చుక్కంత జబ్బు, గాలి అరల్లోకి చెల్లాచెదురైన కణాలు, అప్పుడే మొదలైన క్యాన్సరు పక్క కండలోకి ఎంతవరకు దిగిందన్న కొలత... ఇవి ఇరవై నిమిషాల్లో ఖాయంగా చెప్పే సంగతులు కావు. కొన్నిసార్లు నేను సర్జనుతో "ఇప్పుడు చెప్పలేను, మైనం రిపోర్టు దాకా ఆగండి" అనేస్తాను. ఆయనకి విసుగొస్తుంది. రానివ్వండి! ఊహించి చెప్పి లోబ్ తీయించడం కంటే అదే నయం.

ఆ అమ్మాయి మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. నేను సూది గుర్తుతో చూపించిన చోట నీలం చుక్కల గుంపు. "ఇంతేనా?" అంది. ఆ తర్వాత మెల్లగా, "అసలు ఆ రోజు అన్నది సగం రిపోర్టేనని మాకెవరూ చెప్పలేదండీ. బయటికొచ్చినాయన 'బిళ్లల్లో లేదు' అని వెళ్లిపోయాడు. మేం దేవుడికి కొబ్బరికాయ కొట్టేశాం" అంది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఫ్రోజెన్ రిపోర్టు కాగితం మీద "తుది రిపోర్టుకి లోబడి" అని ఓ వాక్యం ఉంటుంది. అది సర్జను చదువుతాడు. బెంచీ మీద కూర్చున్న చెల్లెలికి ఎవరూ చదివి వినిపించరు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ టీచరుకి ముందు రోజు దాకా "చిన్న గడ్డ" అనే చెప్పారట. సంతకం భర్త పెట్టాడు. క్యాన్సరని తేలితే ఏ మేరకు తీస్తారు, ఎంత ఆయాసం మిగులుతుంది, మెట్లెక్కగలనా, నల్లబల్ల ముందు నిలబడి ఐదు పీరియడ్లు పాఠం చెప్పగలనా అని ఆవిడ అడగడానికి సందే ఇవ్వలేదు. మత్తిచ్చాక ఆ మనిషిని అడగలేం కదా! నా ఫోను వెళ్లిన తర్వాత సర్జను ఎవరిని అడగాలి?

మీ ఇంట్లో ఇలాంటి ఆపరేషన్ ఉంటే ముందు రోజే, పేషెంటు వింటుండగానే సర్జనుని అడగండి. ఫ్రోజెన్ చేసే సదుపాయం ఇక్కడ ఉందా, ఉంటే ఏ జవాబొస్తే ఎంత తీస్తారు, తేలకపోతే ఏం చేస్తారు అని. లేదంటే ముద్ర పరీక్షైనా చేయగలరేమో కనుక్కోండి. బయటికొచ్చి చెప్పేవాళ్లు "అంతా బాగుంది" అంటే, "పూర్తి రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అని వెంటనే అడగండి. డాక్టర్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. నేనూ డాక్టర్నే, ఏమీ అనుకోం.

ఆ టీచరు విషయం డాక్టర్లందరూ కలిసి చర్చించారు. మిగిలిన లోబ్ కూడా తీయాలా, మందులతో వెళ్లాలా అని. ఈసారి ఆవిడని కూడా పిలిచి కూర్చోబెట్టారు. ఇంకో ఆపరేషన్ వద్దు, మందులే తీసుకుంటానంది. నెల తర్వాత చెల్లెలు మళ్లీ మా కౌంటర్‌కి వచ్చింది, ఈసారి బ్లాకు కోసం. ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందేమో పరీక్షకి పంపాలట. పొగ తాగని ఆడవాళ్లలో ఆ మార్పు తరచుగా కనిపిస్తుంది. ఉంటే ఆపరేషన్ తర్వాత వాడడానికి ఒసిమెర్టినిబ్ అనే మాత్ర ఉంది. బిళ్లల్లోకి పాకిన వాళ్లకీ అది ఆయుష్షు పెంచుతోందని 2023లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. ఆ మిల్లీమీటరు చుక్క దొరకబట్టే ఇప్పుడీ పరీక్ష తొందర.

రిజిస్టరులో సంతకం చేయించుకుని బ్లాకుని దూదిలో చుట్టి ఇచ్చాను. ఎండలో పెట్టకమ్మా, మైనం కరుగుతుంది అని చెప్పాను. "అక్క ఎలా ఉంది?" అని అడిగితే, "స్కూలుకెళ్తానని గొడవండీ. కింద క్లాసులే ఇమ్మని హెడ్‌మాస్టరుకి లెటరు రాసుకుంది" అంటూ సంచిలో బ్లాకు భద్రంగా పెట్టుకుంది. అంతలోనే లోపలి నుంచి కేక... "మేడమ్, థియేటర్ టూ నుంచి ఫ్రోజెన్ వస్తోంది!"